కట్ట తెగకుండానే ఊళ్లోకి నీళ్లు: భద్రాచలం మోడల్లో సరిచేసింది

హెక్-రాస్ అనే వరద లెక్కల సాఫ్ట్‌వేర్‌లో 2డి రన్ చేస్తే గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 43 అడుగులు, చేరకముందే కరకట్ట లోపలి వీధులు మునిగినట్టు చూపించింది. కట్ట చెక్కుచెదరలేదు. తప్పు మెష్‌ది, అంటే నేలను సెల్స్‌గా (గళ్లుగా) విడగొట్టిన వలది.

ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన) ఎత్తుల పటంలో ఒక్కో గడి 30 మీటర్లు. సన్నటి కట్ట అందులో కరిగిపోతుంది. అందుకే కట్టపై 20 మీటర్లకొక పాయింట్ సర్వే చేసి, ఆ ఎత్తులను టెర్రైన్ మాడిఫికేషన్ (నేల ఎత్తులు సరిచేసే సాధనం)తో పటంలోకి ఎక్కించాం. అయినా కారింది! 50 మీటర్ల సెల్ మధ్యలోంచి కట్ట పోతుంటే, ఆ సెల్‌కు నీటిమట్టం ఒక్కటే కాబట్టి అటూ ఇటూ ఒకేసారి తడుస్తుంది. కట్ట శిఖరం వెంబడి బ్రేక్‌లైన్ (సెల్ అంచులు తన మీదే పడేలా చేసే గీత) గీసి, దానిపక్క సెల్ 15 మీటర్లకు తగ్గించి, ఆ గీతను మెష్‌కు ఎన్‌ఫోర్స్ (వర్తింప) చేశాకే ఆగింది. సెల్ చిన్నదైతే టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకు మధ్య వ్యవధి) కూడా తగ్గాలి: 3 మీ/సె వేగానికి నీరు 15 మీటర్ల సెల్ దాటేది 5 సెకన్లలో, అంతే వ్యవధి.

సర్వే ఎత్తులతో జాగ్రత్త. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమిని నున్నటి గుండ్రటి ఆకారంగా ఊహించి దాని మీదినుంచి కొలిచేది. మన ప్రాంతంలో సముద్రమట్టపు ఎత్తుకన్నా అది పదుల మీటర్లు తక్కువ. మార్చకుండా ఎక్కిస్తే కట్ట కాస్తా గొయ్యి అవుతుంది.

నది అడుగు వేరే తలనొప్పి. ఎస్ఆర్‌టీఎం రాడార్ నీటిలోకి దిగదు. 2000 ఫిబ్రవరి నాటి నీటి ఉపరితలాన్నే అడుగుగా చూపిస్తుంది. పడవ మీద ఎకోసౌండర్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం)తో తీసిన క్రాస్ సెక్షన్లు (నది అడ్డుకోతలు) వేయాల్సిందే. మానింగ్ విలువ (నది అడుగు గరుకుదనం చెప్పే అంకె) పెంచో తగ్గించో దీన్ని కప్పిపుచ్చొద్దు.

స్లూయిస్‌లు (కట్టలోని తూములు) మరవకండి. తలుపు తెరిచి ఉంటే వరద వెనక్కి తన్నేది అక్కడినుంచే.