ఇంట్లో బేకింగ్ – 4వ పాఠం: బ్లూబెర్రీ మఫిన్లు

పోయిన పాఠంలో ఓటీజీని (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ముందుగా వేడి చేసుకోవడం, మైదాను కప్పుతో కాకుండా తూకంతో కొలవడం చూశాం. ఆ రెండూ చేతికి వస్తే మఫిన్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్కటే: పిండి కలపడం ఎక్కడ ఆపాలి. అదే మనవాళ్లకు కష్టం. గారెల పిండిని నీళ్లలో తేలేదాకా గిలకొట్టిన చేయి, ఉండలు కనబడితే ఊరుకోదు.

ముందు పళ్ల సంగతి. బ్లూబెర్రీకి పులుపు గుణమున్న నేల, గట్టి చలి కావాలి. అమెరికాలోనే ఒకప్పుడు అడవిలో ఏరుకొచ్చి అమ్మేవారు. న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి తోటలో పెంచిన పంట తొలిసారి అమ్మకానికి వచ్చింది 1916లో. విశాఖలో దొరికేవి ఎక్కువగా దిగుమతి పళ్లే కాబట్టి రైతు బజార్‌లో వెతక్కండి. పెద్ద సూపర్ మార్కెట్లలో చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంటాయి, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఫ్రోజెన్ ప్యాకెట్ చాలు. దాన్ని ముందే బయట పెట్టకండి, కరిగితే రసం కారి పిండంతా ఊదారంగుకు తిరుగుతుంది. టిన్‌లో వచ్చే ఫిల్లింగ్, సీసాల్లోని క్రష్ అసలొద్దు, వాటిలో పండుకన్నా పాకమే ఎక్కువ. బ్లూబెర్రీ దొరక్కపోతే చలికాలంలో లంబసింగి స్ట్రాబెర్రీ ముక్కలు వేసుకోవచ్చు. వేసవి చివర్లో గింజ తీసిన నేరేడు పండు కూడా బాగుంటుంది. కాస్త వగరు తగులుతుంది, నాకైతే ఆ వగరే ఇష్టం.

కొలతలు ఆరు మఫిన్లకు చెబుతున్నాను, చిన్న ఓటీజీలో పన్నెండు గుంటల ట్రే పట్టదు. మైదా 125 గ్రాములు, పంచదార 75, బేకింగ్ పౌడర్ ఒకటింబావు టీస్పూన్, చిటికెడు వంటసోడా, చిటికెడు ఉప్పు. ఇవి పొడివి. పెరుగు 100 గ్రాములు, నూనె 50 మిల్లీలీటర్లు, ఒక గుడ్డు, అర టీస్పూన్ వెనిల్లా. ఇవి తడివి. పళ్లు 80 గ్రాములు. కార్తీక మాసంలో గుడ్డు ముట్టనివాళ్లు దాని బదులు మరో 60 గ్రాముల పెరుగు వేసుకోండి. పెరుగు ఎక్కువైంది కదా అని సోడా మాత్రం పెంచొద్దు. సోడా ఎక్కువైతే పళ్ల చుట్టూ ఆకుపచ్చ మరకలు వస్తాయి. అది బూజు కాదు, పండులోని రంగు క్షారం తగిలి మారడమే. తింటే ఏమీ కాదు కానీ పిల్లలు ముట్టరు.

నూనె ఎందుకంటే, విదేశీ వంటకాల్లో ‘గది వేడిలో ఉన్న వెన్న’ అంటే 20 డిగ్రీల గది అని అర్థం. మన మే నెలలో ఆ వెన్న గిన్నెలో చారులా ఉంటుంది. సముద్రపు గాలి తేమకు బేకింగ్ పౌడర్ కూడా త్వరగా చచ్చిపోతుంది. అరకప్పు వేడినీళ్లలో అర టీస్పూన్ వేసి చూడండి. వెంటనే బుసబుసా పొంగితే సరే, లేకపోతే కొత్త డబ్బా కొనండి.

ఓటీజీని 200 డిగ్రీల మీద పెట్టి, ట్రేలో పేపర్ కప్పులు సర్దాకే పిండి జోలికి వెళ్లండి. బేకింగ్ పౌడర్ తడి తగలగానే పని మొదలుపెట్టేస్తుంది, తర్వాత తాపీగా కప్పులు వెతుక్కుంటే పొంగు పోతుంది. పొడివి ఒక గిన్నెలోకి జల్లించండి. తడివి ఇంకో గిన్నెలో బాగా గిలకొట్టండి, ఇక్కడ ఎంత కొట్టినా నష్టం లేదు. ఇప్పుడు పొడి పిండి మధ్యలో గుంట చేసి తడిదంతా ఒకేసారి పోయండి. విస్క్ (గిలకొట్టే తీగల కవ్వం) పక్కన పెట్టేసి సిలికాన్ గరిట తీసుకోండి. గిన్నె అంచు నుంచి అడుగుకు దింపి, అడుగు పిండిని పైకి తెచ్చి మడవాలి. ఎనిమిది, తొమ్మిది తిప్పులకి ఇంకా తెల్లటి మైదా చారలు కనిపిస్తుంటాయి. పళ్లు వేయాల్సింది అప్పుడే. మరో మూడు తిప్పులు తిప్పి ఆపేయండి. పిండి గరుకుగా, అక్కడక్కడా ఉండలతో, గరిట నుంచి ధారగా కాకుండా ముద్దగా జారాలి. టెన్షన్ వద్దు, ఆ ఉండలు ఓవెన్‌లో కరిగిపోతాయి. నున్నగా అయ్యేదాకా కలిపితే మైదాలోని జిగురు ప్రొటీన్, అంటే గ్లూటెన్, సాగి, మఫిన్ కోసినప్పుడు అరకు రైలు దారిలోలా లోపలన్నీ సొరంగాలే.

పళ్లకు మైదా పూస్తే అడుగుకు దిగవంటారు. నా లెక్కలో పిండి చిక్కగా ఉండటమే అసలు సంగతి, ఆ మైదా పండు మీది తడిని పీల్చడానికి మాత్రం పనికొస్తుంది. ఇంకా నమ్మకంగా ఉండాలంటే పళ్లు కలిపే ముందే ఒక్కో కప్పు అడుగున చెంచాడు ఉత్త పిండి వేయండి.

కప్పులు దాదాపు నిండా నింపండి. 200 డిగ్రీల మీద ఎనిమిది నిమిషాలు, తర్వాత తలుపు తీయకుండానే 180కి తగ్గించి పన్నెండు, పద్నాలుగు నిమిషాలు. మొదటి వేడికే నెత్తిన బుడిపె లేస్తుంది. మధ్యలో కరెంటు పోతే తలుపు తీసి తొంగిచూడకండి, లోపలి వేడి కాసేపు కాపాడుతుంది. ఈనె పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. పండు రసం అంటితే అది లెక్కలోకి రాదు, పక్కన ఇంకోచోట గుచ్చి చూడండి. ఐదు నిమిషాలాగి జాలీ మీదకి తీయండి, ట్రేలోనే వదిలేస్తే అడుగు చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో మర్నాటికి మించి బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో ఎండిపోతాయి కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

వచ్చే పాఠం కప్‌కేక్, వెన్నతో. ఆలోగా ఈ పిండిని రెండు విడతలు చేయండి. ఒకటి పై లెక్కన ఆపేయండి, రెండోది కావాలనే నున్నగా అయ్యేదాకా తిప్పండి. చల్లారాక రెండింటినీ నిలువునా కోసి పక్కపక్కన పెట్టి చూడండి.