వానలకు ముందు వాగు ఒడ్డును బోడి చేయకండి

తొలి పెద్ద వాన పడిన మర్నాడే వాగులో చేపలు చచ్చి తేలాయని మొన్న మళ్లీ విన్నాం. ఎవరో విషం కలిపారని అందరూ అనుకుంటారు. చాలాసార్లు కలిపేది వానే, అదీ మన పొలాల్లోంచి తెచ్చి. వాగులో చెత్త వేయకూడదని అందరికీ తెలుసు, దాని గురించి రాయను.

వాగు పక్కన పొలం ఉన్నవాళ్లను నిండా ముంచే పొరపాటు ఒకటుంది. వానలకు ముందు ఒడ్డును శుభ్రం చేయడం. రెల్లు, తుంగ, పొదలు పిచ్చిగా పెరిగాయని మిషన్ పెట్టి లాగేస్తారు, లేదా కలుపు మందు కొట్టి ఎండాక తగలబెడతారు. పొలం నాలుగడుగులు కలిసొచ్చినట్టే ఉంటుంది. వరద రాగానే ఒడ్డు అడుగున కోసుకుపోయి, పైభాగం పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతుంది. కలిసొచ్చిన నాలుగడుగులతో పాటు అసలు పొలమూ పోతుంది. వరద తీశాక వెళ్లి చూడండి: పొద ఉన్నచోట వేళ్లు జడల్లా వేలాడుతూ ఇంకా మట్టిని పట్టుకునే ఉంటాయి. పక్కనే బోడి చేసిన చోట ఒడ్డు నిలువునా తెగి ఉంటుంది.

నష్టం అక్కడితో ఆగదు. కొట్టుకుపోయిన మట్టితో పాటు భాస్వరం వాగులోకి చేరుతుంది. దాంతో నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ మరీ తగ్గుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోతే చాలా రకాల చేపలు బతకవు. అందుకే పొద్దున్నే తేలి కనిపిస్తాయి.

కాబట్టి ఒడ్డును బోడి చేయకండి. కనీసం 10 మీటర్ల మేర గడ్డి, పొదలు, చెట్లు వదిలేయండి. వాలు ఎక్కువైతే ఇంకా వెడల్పుగా వదలండి. బయటి నుంచి వచ్చి అల్లుకున్న మొక్కలను తీయాల్సిందే, కానీ వరదలు తగ్గాక, కొంచెం కొంచెంగా, తీసిన చోటల్లా స్థానిక గడ్డి నాటుకుంటూ.

మందుల విషయం. వాన సూచన ఉన్న రోజు పిచికారీ వద్దు. సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులు లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములున్నా చేపలు చస్తాయి. డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి పొలంలోనే కొట్టేయండి. ట్యాంకు వాగులో కడగొద్దు. పంపు నీళ్లతో కడిగినా ఒడ్డున వద్దు.

పశువులను వాగులోకి దింపకండి, తొట్టి కట్టి నీళ్లు పైకి తెచ్చి పెట్టండి. పేడకుప్ప, ఎరువుల బస్తాలు వరద అందని చోటికి ఇప్పుడే మార్చండి. వాగులో పడిన దుంగలు తీయకండి, చేపలు దాక్కునేది వాటి కిందే. తొర్రలున్న ముసలి చెట్టు ఎండిపోయినా కొట్టకండి. గుర్రపుడెక్క కనిపిస్తే పూత రాకముందే తీసి ఒడ్డుకు దూరంగా ఎండబెట్టండి. పెంపుడు చేపలు వాగులో వదలొద్దు. పక్క పొలం వాళ్లు మిషన్ మాట్లాడుకుంటున్నారని తెలిస్తే ఈరోజే వెళ్లి ఆపండి.