ఆయుధపూజకి బీమ్ గది కడిగేవాళ్లకు

పోయిన వారం మా వీధి కుర్రాడు నవీ ముంబై వైపు నుంచి ఫోన్ చేశాడు. కేబుల్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రాన్ బీమ్ యంత్రం దగ్గర కాంట్రాక్టు పని. "మామయ్యా, దసరాకి లోపల గది కడగమన్నారు. తలుపు తెరిస్తే యంత్రాన్ని ఆపే స్విచ్‌కి టేపు వేసేశారు. బీమ్ ఆఫ్‌లోనే ఉందంట" అన్నాడు. "యంత్రం తాళంచెవి ఎక్కడుంది?" అని అడిగాను. "ప్యానెల్‌కే ఉంది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బరంపురం, ఛత్రపురం, గుణుపురం నుంచి వలస వెళ్లే మన పిల్లలంటే ఒకప్పుడు సూరత్ మగ్గాలే. ఇప్పుడు ఐటీఐ చదివినవాళ్లు ఇలాంటి యంత్రాల దగ్గరా తేలుతున్నారు. విశ్వకర్మ పూజకో ఆయుధపూజకో యంత్రం కడిగి బొట్టు పెట్టడం మనకి అలవాటు. మామూలు రోజుల్లో ఎవరూ అడుగుపెట్టని గదిలోకి అందరూ వెళ్లేది ఆ రెండు పండుగల ముందే. బూట్లు, హెల్మెట్ సంగతి మీ సూపర్‌వైజర్ చెబుతాడు, నేను చెప్పను.

ఎలక్ట్రాన్లను వేగంగా చిమ్మే ఈ యంత్రం బలం ముందు తెలియాలి. కేబుల్ తొడుగు వేడికి కరగకుండా గట్టిపరచడానికి, సిరంజిలు క్రిములు లేకుండా చేయడానికి దీన్ని వాడతారు. సిరంజిల పెట్టెకి మామూలుగా ఇచ్చే మోతాదు 25,000 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). ఒళ్లంతా ఒకేసారి 4, 5 గ్రే తగిలి, వైద్యం అందకపోతే మనిషి బతకడం కష్టం. బీమ్ కింద ఆ 25,000 గ్రే కొన్ని సెకన్లలోనే పడిపోతుంది. కంటికి కనబడదు, తగిలినప్పుడు నొప్పీ తెలియకపోవచ్చు.

ఇక అసలు తప్పు. బీమ్ ఆఫ్ అంటే యంత్రం ఆఫ్ కాదు.

ఎలక్ట్రాన్లను పుట్టించే ఫిలమెంట్‌ని ఆర్పేసి హైవోల్టేజ్‌ని అలాగే ఉంచుతారు. మళ్లీ పైకి ఎక్కించడానికి టైమ్ పడుతుందని బద్ధకం. ఫిలమెంట్ చల్లారినా, ఆ వోల్టేజ్ ఒత్తిడికి లోపలి లోహం కొన్ని ఎలక్ట్రాన్లను కక్కుతూనే ఉంటుంది. దీన్నే డార్క్ కరెంట్ అంటారు. మీటరు మీద సున్నాలా కనబడే ఆ కాస్త కరెంటే చేతులు తినేస్తుంది. 1991లో ఫ్రాన్స్‌లోని ఫోర్బాక్‌లో ముగ్గురు పనివాళ్లు సరుకు వెళ్లే దారిన లోపలికి దూరి ఇలాగే ఒళ్లు కాల్చుకున్నారు. అదే ఏడాది అమెరికా మేరీలాండ్‌లో రిపేరు చేస్తున్న ఆపరేటర్ ఫిలమెంట్ ఆఫ్‌లో ఉంది కదా అని చేతులు పెట్టాడు. మూడు నెలల తర్వాత రెండు చేతుల వేళ్లూ చాలావరకు తీసేయాల్సి వచ్చింది. 1992లో హనోయ్‌లో కథ కాస్త వేరు. ఒక శాస్త్రవేత్త శాంపిల్ సర్దడానికి లోపలికి వెళ్లాడు, ఆ సంగతి ఆపరేటర్లకి తెలియదు, బీమ్ వదిలారు. కుడిచేయి పోయింది.

మూడు చోట్లా ఒకటే. లోపలికి వెళ్లినవాడి జేబులో తాళంచెవి లేదు.

అందుకే తాళంచెవి తిప్పి, హైవోల్టేజ్ పోయిందని మీటరు మీద మీరే చూసి, చెవి బయటికి తీసి, మీ జేబులో వేసుకుని వెళ్లండి. ఫోర్‌మన్ జేబులో కాదు. మీ జేబులో. నలుగురు వెళ్తే ఆ చెవి పెట్టెలో పెట్టి నలుగురూ నాలుగు తాళాలు వేయండి.

గది తెరిచాక కాసేపు ఆగండి. బీమ్ గాలిలోని ఆక్సిజన్‌ని ఓజోన్ అనే విషవాయువుగా మారుస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని లాగేయాలి. ఘాటు వాసన తగ్గిందని ముక్కును నమ్మకండి, ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది.

చాలా డీసీ యంత్రాల ట్యాంకుల్లో హైవోల్టేజ్ దూకకుండా ఎస్ఎఫ్6 అనే గ్యాస్ నింపుతారు. గాలికంటే సుమారు 5 రెట్లు బరువు. లీకైతే గుంటల్లో చేరి ఊపిరాడనివ్వదు, వాసన రాదు. కాబట్టి గుంటలోకి ఒంటరిగా దిగొద్దు.

కరెంటు తీసేసినా కెపాసిటర్లలో ఛార్జ్ మిగులుతుంది. ఎర్త్ రాడ్ తగిలించి, పని అయ్యేదాకా అక్కడే ఉంచండి. ట్రాంబేలో అణు పరిశోధన కేంద్రం వాళ్లు కట్టిన 'కాలి' (KALI) అనే యంత్రం పనిచేసేదే ఇలా కూడబెట్టిన ఛార్జ్‌ని ఒక్క క్షణంలో వదలడం మీద. వాట్సాప్‌లో దాన్ని లేజర్ ఆయుధం అంటారు కానీ అది లేజర్ కాదు, ఎలక్ట్రాన్ యంత్రమే.

బీమ్ బయటికి వచ్చే గరాటు లాంటి భాగం, అంటే స్కాన్ హార్న్ కింద టైటానియం రేకు వెంట్రుక మందమే. వెనక అంతా వాక్యూమ్. చీపురు తగిలించొద్దు. పగిలితే చెవులు పోతాయి.

టేపు వేసిన స్విచ్ కనబడితే వెనక్కి వచ్చేయండి.

సరుకు వెళ్లే దారిన దూరొద్దు.

రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉందని ధైర్యం వద్దు. అది అడ్డుకోదు, తర్వాత లెక్క చెబుతుంది. ఛాతీ మీద బ్యాడ్జికి చేతికి తగిలింది తెలియదు.

చెయ్యి చురుక్కుమన్నా, ఎర్రబడినా టైమ్ రాసుకోండి. డాక్టరుకి ఎలక్ట్రాన్ బీమ్ అని చెప్పండి, వేడికి కాలిందని కాదు. బొబ్బలు చిదమొద్దు.

లోపలివాళ్లు బయటికి వచ్చారో లేదో పేరు పెట్టి పిలిచి లెక్కపెట్టండి.

తలుపు మూసేముందు గది మొత్తం ఒకసారి నడవండి.

తాళంచెవి మీ జేబులో.

కొబ్బరికాయ బయట కొట్టండి. బొట్టు ప్యానెల్‌కి పెట్టండి, హార్న్‌కి కాదు.