డీజిల్ ఫోర్‌వీల్ బండిని ఎంచుకోవడం – మూడవ పాఠం: థార్, గూర్ఖాలలో మీకు తగినది ఏది?

మొదటి పాఠంలో టూ-హై (వెనుక చక్రాలకే బలం), ఫోర్-హై (నాలుగు చక్రాలకూ బలం), ఫోర్-లో (నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు) అనే మూడు స్థానాలు ఏయే పనులకు ఉద్దేశించినవో చూశాము. రెండవ పాఠంలో మీ బండి ఏడాది పొడవునా ఎంత దూరం తారు మీద, ఎంత దూరం మట్టి బాట మీద నడుస్తుందో లెక్క రాసుకోమని కోరాను. ఈ పాఠంలో ఆ లెక్కను దగ్గర ఉంచుకుని, మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో గట్టి డీజిల్ జీపు కొనదలచిన వారిని ఎక్కువగా తికమకపెట్టే రెండు బండ్లను, అంటే మహీంద్రా థార్‌ను, ఫోర్స్ గూర్ఖాను, పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాము. పోలిక న్యాయంగా ఉండడానికి రెండింటిలోనూ మూడు తలుపుల, నాలుగు సీట్ల ఫోర్‌వీల్ బండినే తీసుకుంటున్నాను.

ముందుగా ఇంజన్ల సంగతి త్వరగా ముగిద్దాము, ఎందుకంటే ఎంపిక ఇక్కడ తేలదు. 2020 అక్టోబరులో విడుదలైన థార్‌లో 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్ 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పుడు బలం) ఇస్తుంది. 2024లో మార్పులతో వచ్చిన గూర్ఖాలోని 2.6 లీటర్ల ఇంజన్ 140 పి.ఎస్. (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత), 320 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. థార్‌లో ఆరు గేర్ల మాన్యువల్‌తో పాటు ఆటోమేటిక్ కూడా దొరుకుతుంది, గూర్ఖాలో అయిదు గేర్ల మాన్యువల్ ఒక్కటే ఉంది. మోకాలి నొప్పి వల్ల క్లచ్ తొక్కలేని వారికి ఎంపిక ఇక్కడే పూర్తయినట్టు. మిగిలిన వారు ఈ అంకెల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాను పట్టించుకోనవసరం లేదు, పాత 91 పి.ఎస్. గూర్ఖాను సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవారు మాత్రం అది ఎత్తు రోడ్లలో చాలా నెమ్మదిగా కదిలే బండి అని గుర్తుంచుకోవాలి.

ఘాట్ రోడ్డు గురించి ఒక అపోహను తొలగించాలి. తిరుమల కొండకు, మొగిలి ఘాట్‌కు, భాకరాపేట ఘాట్‌కు తరచుగా వెళ్తాము కనుక ఫోర్‌వీల్ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో మొదలయ్యాయి. అప్పటి నుంచీ నిండా భక్తులతో ఆ కొండ ఎక్కుతున్న బస్సులు వెనుక చక్రాల బలంతోనే ఎక్కుతున్నాయి. పైగా థార్, గూర్ఖా రెండూ పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండ్లు, అంటే ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ మరో డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. వంపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగవలసి ఉండగా, ఫోర్-హైలో రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరగవలసి వస్తుంది. మట్టి మీదనైతే టైరు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద అలా జారే వీలు లేక ఆ ఒత్తిడి అంతా షాఫ్టుల మీదా గేర్ల మీదా పడి, స్టీరింగ్ బిగుసుకుని, టైర్లు అరిగిపోతాయి. అందువల్ల పొడి ఘాట్ రోడ్డు మీద రెండు బండ్లనూ టూ-హైలోనే నడపాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా రెండవ లేదా మూడవ గేరులో ఇంజన్ పట్టుతో దిగాలి. ఘాట్ రోడ్డు ఒక్కటే మీ కారణమైతే ఈ రెండింటిలో ఏదీ మీకు అవసరం లేదు.

ఇక ఈ పాఠానికి ప్రాణమైన విషయానికి వద్దాము. డిఫరెన్షియల్ ఒకే ఇరుసు మీది రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది, కానీ రెండింటికీ సమానమైన తిప్పుడు బలాన్నే పంచుతుంది. ఒక చక్రం బురదలో పట్టు లేకుండా తిరుగుతుంటే, రెండవ చక్రం గట్టి నేల మీద ఉన్నా దానికీ ఆ కొద్దిపాటి బలమే అందుతుంది. తలకోన వైపు నెరబైలు పరిసరాలలోని గుట్ట బాటను ఊహించండి: ఈశాన్య రుతుపవనాల వానలకు నీరు బాటకు అడ్డంగా కోసుకుపోయి గాడి పడింది, బండి ఆ గాడిని ఏటవాలుగా దాటుతోంది. ముందు కుడి చక్రం, వెనుక ఎడమ చక్రం గాలిలోకి లేచాయి. ఇప్పుడు ఫోర్-లో వేసినా గాలిలో ఉన్న ఆ రెండు చక్రాలే గిరగిరా తిరుగుతాయి, నేల మీద ఉన్నవి కదలవు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి ఇలా నిలిచిపోవడం కొత్తవారికి ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడ నుంచి బండిని కదిలించేది డిఫరెన్షియల్ లాక్.

గూర్ఖాలో ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి, విడివిడిగా రెండు మెకానికల్ లాకులు ఉంటాయి. గాడిని చూడగానే, అందులోకి దిగకముందే, డ్రైవరు తన చేతితో లివరు లాగి లాక్ వేసుకోవచ్చు. వెనుక లాక్ వేస్తే రెండు వెనుక చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. అదీ చాలకపోతే ముందుది వేయాలి. ముందు లాక్ వేసి ఉన్నంతసేపు స్టీరింగ్ బరువెక్కి బండి తిరగడానికి మొరాయిస్తుంది కనుక, దానిని నేరుగా వెళ్లే కొద్ది అడుగులకే వాడి వెంటనే తీసివేయాలి. థార్‌లో వెనుక ఇరుసుకు ఒక మెకానికల్ లాక్ ఉంటుంది. వెనుక చక్రాలలో ఒకటి రెండవ దానికంటే బాగా వేగంగా తిరిగినప్పుడు అది తనంతట తానే పడుతుంది. ముందు భాగంలో జారుతున్న చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, రెండవ చక్రానికి బలం చేర్చే ఏర్పాటు ఉంటుంది. ఇది కూడా పని చేస్తుంది, కానీ చక్రం ముందుగా కొంత జారవలసిందే. తడిసిన ఎర్రమట్టి ఎత్తు మీద, పక్కన లోయ ఉన్న చోట, ఆ కాసేపటి జారుడు నాకు ఇష్టం ఉండదు. థార్‌లో ఈ లాక్ వేరియంటును బట్టి ఉంటుంది, కనుక బుక్ చేసే ముందు కొటేషన్ మీద రాయించుకోవడం అవసరం.

ఇరుసుల నిర్మాణంలోనూ ఇంతే ముఖ్యమైన తేడా ఉంది. గూర్ఖాకు ముందూ వెనుకా అఖండమైన ఇరుసులు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ఒక చక్రం రాయి మీదికి ఎక్కినప్పుడు అదే ఇరుసుకు ఉన్న రెండవ చక్రం కిందికి ఒత్తుకుని నేలను వెతుక్కుంటుంది, అందుకే ఎగుడుదిగుడు నేల మీద దాని చక్రాలు సులభంగా గాలిలోకి లేవవు. థార్‌కు వెనుక అఖండ ఇరుసు ఉన్నా, ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. ఈ ఏర్పాటు చిత్తూరు నుంచి బెంగళూరు వైపు పెద్ద రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంలో తన విలువను చూపుతుంది: స్టీరింగ్ సూటిగా ఉంటుంది, ఒక గుంత తగిలినంత మాత్రాన బండి ముందుభాగం మొత్తం ఊగదు. గూర్ఖాలో అదే వేగంలో చిన్న చిన్న సవరణలు చేస్తూనే ఉండాలి, రెండు గంటల తర్వాత భుజాలలో ఆ శ్రమ తెలుస్తుంది. కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2020లో జరిపిన పరీక్షలో థార్‌కు అయిదింటికి 4 నక్షత్రాలు వచ్చాయి. పిల్లలతో కలిసి పెద్ద రోడ్డు మీద ఎక్కువ ప్రయాణం చేసే వారు ఈ విషయానికి తప్పక బరువు ఇవ్వాలి.

వంకలు దాటే సంగతికి వస్తే, కంపెనీలు చెప్పే లోతు థార్‌కు 650, గూర్ఖాకు 700 మిల్లీమీటర్లు. గూర్ఖాకు ఫ్యాక్టరీ నుంచే స్నార్కెల్ (ఇంజన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం) బిగించి వస్తుంది. ఈ అంకెలు నిలిచి ఉన్న నీటికి, నడక వేగానికి వర్తిస్తాయి. స్నార్కెల్ ఇంజన్‌లోకి నీరు పోకుండా కాపాడగలదు గానీ ప్రవాహంలో బండి కొట్టుకుపోకుండా ఆపలేదు. 2021 నవంబరులో స్వర్ణముఖి ఉప్పొంగిన తీరు చూసిన వారికి ఇది వివరించనక్కరలేదు. ఒక కర్ర తీసుకుని 650, 700 దగ్గర సున్నంతో గీతలు పెట్టి, మీరు దాటే వంకలో వాన వెలిసి ఉధృతి తగ్గాక, ఒడ్డు నుంచి ఎవరైనా చూస్తుండగా కాలినడకన దిగి కొలవండి. నీరు మోకాలి పైకి వచ్చి కాళ్లను లాగుతుంటే ఆ రోజు ఏ బండీ దాటకూడదు.

ఖర్చుల విషయంలో ఒక మాట. మహీంద్రా సర్వీసు కేంద్రాలు దాదాపు ప్రతి పట్టణంలోనూ అందుబాటులో ఉంటాయి. ఫోర్స్ వారి కేంద్రాలు తక్కువ. అయితే తిరుపతిలో యాత్రికులను తిప్పే ట్రావెలర్ వ్యాన్లు ఫోర్స్ వారివే, వాటిలోని 2.6 లీటర్ల ఇంజన్ గూర్ఖా ఇంజన్‌కు దగ్గరి బంధువు, కాబట్టి ఆ ఇంజన్ పని తెలిసిన మెకానిక్కులకు ఇక్కడ కొరత లేదు. లాకులకు, ముందు ఇరుసుకు సంబంధించిన విడిభాగాలు ఎన్ని రోజులలో వస్తాయో మాత్రం డీలరును ముందే అడగాలి. ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేసే వారు ఏ డీజిల్ బండినైనా మరొకసారి ఆలోచించాలి, ఎందుకంటే ఇప్పటి బీఎస్-6 డీజిల్ బండ్ల పొగగొట్టంలోని ఫిల్టరులో పేరుకున్న మసి కాలిపోవడానికి అప్పుడప్పుడు దూర ప్రయాణపు వేడి కావాలి.

నా నిర్ణయం ఇది. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి తోట ఉండి, తోటలోకి ఒక కిలోమీటరు మట్టి బాట, మిగిలినదంతా తారు రోడ్డు అయిన కుటుంబానికి థార్ సరిపోతుంది; ఆ బాటకు అది అవసరమైన దానికంటే ఎక్కువే. బాటే లేని గుట్ట మీద పొలం ఉండి, వానాకాలంలో వారానికి పలుమార్లు ఒంటరిగా వెళ్లి రావలసిన వారు గూర్ఖా తీసుకోవాలి. ఇంట్లో అయిదుగురు ఉంటే నాలుగు సీట్ల బండిలో సర్దుకుందామని అనుకోకండి. గూర్ఖాలో అయిదు తలుపుల ఏడు సీట్ల బండి, మహీంద్రాలో 2024 ఆగస్టులో వచ్చిన థార్ రాక్స్ అందుకోసమే ఉన్నాయి.

వచ్చే పాఠం లోపు రెండు బండ్లనూ టెస్ట్ డ్రైవ్ చేయండి. షోరూం చుట్టూ తిప్పి తీసుకువస్తే చాలదు. డీలరును ఒప్పించి రేణిగుంట వైపు పెద్ద రోడ్డు మీద కొంత దూరం, తర్వాత మీ సొంత పొలంలోనో అనుమతి ఉన్న స్థలంలోనో వాలు నేల మీద నడపండి. శేషాచలం అడవిలో బాట విడిచి బండి నడపడం నిషేధం, అక్కడ ప్రయత్నించవద్దు. వాలు మీద ఫోర్-లో, మొదటి గేరు వేసి, రెండు కాళ్లూ పెడళ్ల నుంచి తీసి, బండిని దిగనివ్వండి. మాన్యువల్ బండి ఇంజన్ పట్టుతో మెల్లగా పాకుతూ దిగాలి. వేగం పుంజుకుంటున్నట్టు అనిపిస్తే వెంటనే బ్రేకు వేసి, ఆ వాలు ఎంత నిట్రంగా ఉందో రాసుకోండి. నాలుగవ పాఠంలో సెకండ్ హ్యాండ్ ఫోర్‌వీల్ బండి కిందికి దూరి ఇరుసులను, ట్రాన్స్‌ఫర్ కేసును (ఇంజన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే పెట్టెను), చాసిస్ తుప్పును పరీక్షించే పద్ధతి నేర్చుకుంటాము.