జిమ్మీ కార్టర్ శాంతి కృషిని అంచనా వేయడం ఎలా?

ఒక దేశాధినేత శాంతి కోసం చేసిన కృషిపై వ్యాసం రాయదలచినవారు కరచాలనం ఫోటోలను పక్కనపెట్టి, ఎవరు ఏమి వదులుకున్నారో, ఒప్పుకున్న దానిలో ఎంత అమలైందో ముందుగా చూడాలి. 1977 నుంచి 1981 వరకు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న జిమ్మీ కార్టర్ విషయంలో ఈ పద్ధతి తప్పనిసరి.

అమెరికా అధ్యక్షుల విడిది అయిన క్యాంప్ డేవిడ్‌లో జరిగిన చర్చలతో మొదలుపెట్టండి. 1978 సెప్టెంబరు 5 నుంచి 17 వరకు ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెమ్ బెగిన్ అక్కడే ఉన్నారు. ముఖాముఖి చర్చలు తొలి రోజుల్లోనే వాగ్వాదానికి దిగడంతో, కార్టర్ వారిద్దరితో విడివిడిగా మాట్లాడుతూ, తమ బృందం రాసిన ముసాయిదాను పదే పదే సవరిస్తూ వచ్చారు. చివరి రోజున చర్చలు విఫలమయ్యేలా ఉన్నప్పుడు, కార్టర్ బెగిన్ మనవల పేర్లు ఒక్కొక్కటిగా రాసి సంతకం చేసిన ఫోటోలను ఆయనకు అందించగా, ఆ పేర్లు చదువుతూ బెగిన్ చలించిపోయారు. ఈ ఘట్టాన్ని వ్యాసంలో తప్పక చేర్చండి, అయితే ఒప్పందం దానివల్లే కుదిరిందని రాయకండి. 1967 యుద్ధంలో ఈజిప్టు నుంచి ఆక్రమించిన సినాయ్ ద్వీపకల్పాన్ని వదులుకోవడానికి ఇజ్రాయెల్, ఇజ్రాయెల్‌ను గుర్తించడానికి ఈజిప్టు సిద్ధపడటమే అసలు విషయం.

అక్కడ సంతకాలు జరిగినవి రెండు పత్రాలపై కాబట్టి, వాటిని విడిగా తూచాలి. ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల మధ్య శాంతికి సంబంధించినది 1979 మార్చి 26న శాంతి ఒప్పందంగా మారింది. ఆ రెండు దేశాల మధ్య మళ్లీ యుద్ధం రాలేదు. పాలస్తీనియన్ల స్వపరిపాలనకు సంబంధించినది కాగితంపైనే మిగిలింది. ఎవరి భవిష్యత్తును నిర్ణయిస్తున్నారో వారి ప్రతినిధులే చర్చల్లో లేకపోవడం, నా దృష్టిలో, క్షమించరాని లోపం. ఒప్పందానికి ఈజిప్టు చెల్లించిన మూల్యాన్నీ ప్రస్తావించండి: అరబ్ దేశాల కూటమి అయిన అరబ్ లీగ్ ఈజిప్టు సభ్యత్వాన్ని నిలిపివేసింది, 1981లో సాదత్ హత్యకు గురయ్యారు.

స్వదేశంలో ద్రవ్యోల్బణం, ఇరాన్‌లో 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉండటం, 1980 ఎన్నికల ఓటమి గురించి ఒక పేరా చాలు.

పదవి తర్వాతి కృషిని పదవీకాలంతో కలపకండి. 1978 నోబెల్ శాంతి బహుమతి సాదత్, బెగిన్‌లకు దక్కగా, కార్టర్‌కు 2002లో వచ్చింది. ఆయన 1982లో స్థాపించిన కార్టర్ సెంటర్ అనే సంస్థ నారికురుపు (గినియా వార్మ్) వ్యాధి నిర్మూలనకు చేసిన పనిని కేవలం ఆరోగ్య సేవగా భావించి వదిలేయవద్దు. ఆరోగ్య కార్యకర్తలు గ్రామాలకు చేరగలిగేలా 1995లో సూడాన్ అంతర్యుద్ధంలో కార్టర్ కుదిర్చిన కాల్పుల విరమణ దాదాపు ఆరు నెలలు నిలిచింది.