కోతుల మీద నిద్రమాత్రల స్టడీ చదివేటప్పుడు ఏం చూడాలి

డయాజెపామ్, ట్రయాజోలామ్ లాంటి బెంజోడయాజెపైన్లు (నిద్రకీ, ఆందోళన తగ్గడానికీ ఇచ్చే ఒక రకం మందులు) ఇస్తే కోతులకి చదువు ఎక్కదు అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు, అక్కడితో ఆగిపోకండి, మగతగా ఉండి మెల్లగా చెయ్యడం వేరు, నేర్చుకోలేక తప్పులు చెయ్యడం వేరు.

ముందు కోతితో ఏం చేయించారో చూడండి. ఉదాహరణకి ఒక పద్ధతిలో ఎదురుగా మూడు బటన్లుంటాయి, వాటిని ఎడమ, కుడి, మధ్య, మళ్ళీ కుడి అని ఒక వరసలో నొక్కాలి. కరెక్ట్‌గా నొక్కితే బటన్ల రంగు మారుతుంది, తప్పితే కొన్ని సెకన్లు లైట్లు ఆరిపోతాయి, వరస పూర్తయితే తినడానికి చిన్న గుళిక పడుతుంది. అసలు తెలివంతా ఇక్కడుంది: ఒక భాగంలో వరస రోజూ మారుతుంది కాబట్టి ఏ రోజుకారోజు కొత్తగా నేర్చుకోవాలి, ఇంకో భాగంలో ఎప్పుడూ అదే వరస, కోతికి కంఠతా వచ్చేసినది.

ఇప్పుడు గ్రాఫ్‌లో స్పీడు ఒకటి, తప్పుల శాతం ఒకటి విడివిడిగా చూడండి. ట్రయాజోలామ్ లాంటి మందు తగిన డోసులో ఇస్తే కొత్త వరసలో తప్పులు పెరుగుతాయి, పాత వరస మాత్రం దాదాపు చెక్కుచెదరదు, నేర్చుకోవడం దెబ్బతిందని గట్టిగా చెప్పగలిగేది అలాంటి చోటే. డోసు ఇంకా పెంచితే రెండూ పడిపోతాయి, అప్పుడది మగతే కావచ్చు, దాన్ని చూపించి జ్ఞాపకశక్తి పోయిందనకూడదు. కోతులు నాలుగైదే ఉన్నా కంగారు పడక్కర్లేదు, దేనికదే మందు లేని రోజుతో పోల్చుకుంటారు, కాకపోతే అన్నిటిలోనూ అదే కనిపించిందా అన్నది చూసుకోండి.

తర్వాత ఫ్లుమాజెనిల్ అనే విరుగుడు మందు ఇచ్చారేమో వెతకండి, నాకైతే ఇది చాలా ఇష్టమైన భాగం. అది గాబా రిసెప్టర్ (మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పట్టుకునే భాగం) మీద బెంజోడయాజెపైన్లు అతుక్కునే చోటుని అడ్డుకుంటుంది, అది ఇచ్చాక తప్పులు తగ్గితే ఆ తప్పులకి దారి ఆ చోటే అన్నమాట. ఫెనోబార్బిటాల్ లాంటి బార్బిచురేట్లు (ఇంకో రకం మత్తు మందులు) వేరే చోట పనిచేస్తాయి, వాటికి ఈ విరుగుడు పనికిరాదు. బస్పిరోన్ కూడా ఆందోళన తగ్గించే మందే గానీ అది ముఖ్యంగా సెరొటోనిన్ అనే వేరే మెదడు రసాయనం వైపు పనిచేస్తుంది, అన్నీ ఒకే గాటన కట్టేసిన రాత కనిపిస్తే అనుమానించండి.

ఒక్క డోసా, వారాల తరబడి రోజూ ఇచ్చారా అన్నదీ చూడండి, మగతకి ఒళ్ళు త్వరగా అలవాటు పడుతుంది, తప్పులు కూడా అలాగే తగ్గాయా లేదా అన్నది విడిగా చూడాలి. ఇంకోటి, ఇవన్నీ చదివి మీరు వాడే ఇలాంటి మాత్రలు మాత్రం సడెన్‌గా ఆపకండి, ఫిట్స్ రావొచ్చు, డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.