వరదొచ్చినా షాపు లెక్కలు పోకుండా బ్యాకప్ ప్లాన్ చేసుకోండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. అలాంటప్పుడు కంప్యూటరూ, అదే టేబుల్ సొరుగులో దాచిన బ్యాకప్ హార్డ్ డిస్కూ కలిసే మునుగుతాయి. కాబట్టి షాపైనా, అకౌంట్స్ ఆఫీసైనా, రెండో కాపీ ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకోండి.

పోతే పని ఆగిపోయేవి ఏవో కాగితం మీద రాయండి: ట్యాలీ డేటా, జీఎస్టీ ఫైళ్లు, బాకీల ఎక్సెల్ షీటు, స్కాన్ చేసిన అగ్రిమెంట్లు. ఒకరోజు ఎంట్రీలు పోయినా బిల్లు పుస్తకం చూసి మళ్లీ ఎక్కించుకోగలం అనుకుంటే రోజూ షాపు మూసేముందు ఒక బ్యాకప్ చాలు, బిల్లింగ్ మొత్తం కంప్యూటర్లోనే అయితే మధ్యాహ్నం ఇంకోటి తీయాలి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే వచ్చే డేటా మెనూలోనే బ్యాకప్ ఉంటుంది.

హార్డ్ డిస్కులు రెండు కొనండి. ఒకటి ఆఫీసులో, ఇంకోటి వేరే ఊళ్లో నమ్మకమైన చుట్టాల ఇంట్లో, కుదరకపోతే కనీసం నీళ్లు చేరని పై అంతస్తులో పెట్టి, వారానికోసారి మార్చుకుంటూ ఉండండి. పాస్‌వర్డ్ తప్పనిసరి. కాపీ అవగానే కేబుల్ పీకేయండి, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లు తెరుచుకోకుండా చేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్కును కూడా లాక్ చేసేస్తుంది.

గూగుల్ డ్రైవ్‌కి సింక్ అవుతోంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, అది నాకు అస్సలు నచ్చదు. ఇక్కడ ఫైలు డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, ట్రాష్‌లో ఉండేది 30 రోజులే. అందుకని తేదీ వేసి విడిగా జిప్ ఫైళ్లు ఎక్కించండి. ఫోన్ కూడా మునిగితే ఓటీపీ రాదు, కాబట్టి గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి ఆ రెండో డిస్కు ఉన్న చోటే దాచండి. అలాగని క్లౌడ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో కరెంటూ, ఫోన్ సిగ్నళ్లూ లేక జనం రోజులకు రోజులు అవస్థ పడ్డారు.

అన్నిటికంటే ముఖ్యం, తీసిన బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడటం. మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్లో ఖాళీ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేయండి, నడుస్తున్న డేటా మీదకి మాత్రం ఎప్పుడూ వద్దు. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందా, ఎంతసేపు పట్టింది అన్నవి రాసి పెట్టుకోండి.

ఇంత చేసినా డిస్కు తడిస్తే, ఆరబెట్టి చూద్దామని కరెంట్ ఇవ్వకండి. తడిసింది తడిసినట్టే డేటా రికవరీ వాళ్లకి పంపండి. ఖర్చు ఎక్కువే, అయినా డేటా వస్తుందన్న గ్యారంటీ ఉండదు.